పొలం దున్నకుండా వ్యవసాయంలో ఉద్యోగం: దారి ఎంచుకోవడం నుంచి మొదటి ఆఫర్ దాకా

వ్యవసాయమంటే ఇష్టం, కానీ సాగు చేయడానికి భూమి లేదు. లేదా భూమి ఉన్నా దాని మీదే బతకగలమన్న ధైర్యం లేదు. ఇలాంటి పిల్లలకు ఇంట్లో, బయట దొరికే సలహా ఒకటే: వేరే చదువు చదువుకో, వేరే పని చూసుకో. గింజ నేలలో పడేముందు దాని మీద ఎంతమంది పనిచేశారో, కోసిన తర్వాత అది ఎన్ని చేతులు మారుతుందో ఆ సలహా ఇచ్చేవాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా ఆహార, వ్యవసాయ వ్యవస్థల్లో పనిచేస్తున్నవాళ్లు సుమారు 123 కోట్ల మంది. వాళ్లలో దాదాపు 37.5 కోట్ల మంది పని పొలంలో, పశువుల కొట్టంలో, చేపల వేటలో కాదు. రవాణా, శుద్ధి, నిల్వ, అమ్మకం లాంటి పనుల్లో ఉంది.

అవకాశాల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. వాటిలో మీకు సరిపోయేదాన్ని ఎలా ఏరుకోవాలి, దానికి ఎలా సిద్ధం కావాలి అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏ దారిలోకి వెళ్లాలనుకున్నా ముందు ఒక్క పంటను పూర్తిగా తెలుసుకోండి. ల్యాబ్‌లో కూర్చునే ఉద్యోగమైనా, కంప్యూటర్ ముందు చేసే ఉద్యోగమైనా ఈ రంగంలో నిలదొక్కుకునేవాళ్లను పైపైన చదువుకున్నవాళ్ల నుంచి వేరు చేసేది అదే.

మొదటి అడుగు: ఒక పంట వెంట చివరిదాకా నడవండి

మీకు నచ్చిన పంట ఒకటి తీసుకోండి. నేను వేరుశనగతో చూపిస్తాను.

కొత్త వంగడం కోసం రెండు రకాలను సంకరపరిచి, తరాల తరబడి ఎంపిక చేసేవాళ్లు ఉంటారు. ఆ వంగడం విత్తనాన్ని కల్తీ లేకుండా పెంచి పంచేవాళ్లు వేరే. నేలలో కాల్షియం తక్కువైతే కాయల్లో గింజ సరిగా నిండదు. అందుకే ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగే దశలో కాల్షియం ఉండే జిప్సం వేయమని చెప్పడానికి నేల పరీక్ష చేసేవాళ్లు, ఆ ఫలితాన్ని రైతుకు అర్థమయ్యేలా వివరించేవాళ్లు కావాలి. పంట చివరి దశలో బెట్ట వస్తే కాయల్లోకి ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కోసిన కాయను సరిగా ఆరబెట్టకపోతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసిందే ఒక పెద్ద నష్టం వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వెతుక్కుంటూ వెళితే కారణం దాణాలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఇప్పుడు ఐరోపా సమాఖ్య దేశాల్లో మనుషులు నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. అమెరికాలో ఆ పరిమితి 20. ఈ ఒక్క నిబంధన చుట్టూ ఎన్ని ఉద్యోగాలున్నాయో చూడండి: నమూనా తీసే ఇన్‌స్పెక్టర్, ల్యాబ్ అనలిస్ట్, రంగును బట్టి గింజలు ఏరే యంత్రాన్ని నడిపే టెక్నీషియన్, ఎగుమతి పత్రాలు చూసే అధికారి, బూజును తట్టుకునే రకం కోసం వెతికే శాస్త్రవేత్త. ఇందులో నమూనా తీయడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కాదు. విషం కొద్ది గింజల్లోనే బాగా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఒక మూల నుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే ఫలితం పూర్తిగా తప్పొచ్చు. పరీక్షలో దొర్లే పొరపాట్ల కంటే నమూనా తీయడంలో దొర్లే పొరపాట్లే ఎక్కువ నష్టం చేస్తాయి.

మీ పంటకూ ఇలాగే ఒక పెద్ద కాగితం మీద గీసుకోండి. విత్తనం నుంచి వంటింటి దాకా ప్రతి మజిలీ దగ్గర మూడు విషయాలు రాయండి: ఇక్కడ ఏం చెడిపోవచ్చు, దాన్ని ఎవరు పట్టుకుంటారు, వాళ్లకు జీతం ఎవరిస్తారు. మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. నిజానికి అదే మీకు ఉద్యోగం ఇచ్చేవాళ్ల చిరునామా చెబుతుంది.

రెండో అడుగు: మీ రోజు ఎలా గడవాలో తేల్చుకోండి

ఉద్యోగం పేరు చూసి మోజు పడొద్దు. మామూలు మంగళవారం నాడు ఆ మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో కనుక్కోండి. ఒకే పనిని అదే పద్ధతిలో వందసార్లు చేసినా విసుగు రాని ఓపిక ఉంటే ల్యాబ్ మీకు నప్పుతుంది. ఎండలో, బురదలో, బైకు మీద తిరగడం ఇష్టమైతే ఫీల్డ్ ఉద్యోగాలు ఉన్నాయి. అంకెలు, మ్యాపులు ఇష్టమైతే డేటా పని. యంత్రం విప్పి బిగించడం ఇష్టమైతే ఆ దారి వేరే ఉంది. అపరిచితులతో గంటల తరబడి మాట్లాడినా అలసిపోని స్వభావం ఉంటే సలహా, శిక్షణ రంగాలు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా ఆలోచించుకోండి. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు పంట కాలంతో ముడిపడి ఉంటాయి. విత్తే కాలంలో, కోత కాలంలో సెలవు దొరకదు, పండగైనా ఇంటికి వెళ్లడం కుదరకపోవచ్చు. మధ్యలో మాత్రం కాస్త ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది. ఏడాదంతా ఒకేలా నడిచే జీవితం కావాలంటే ఆడిట్, బ్యాంకింగ్, నియంత్రణ సంస్థల వైపు చూడండి.

మూడో అడుగు: దారులను దగ్గర నుంచి చూడండి

విత్తన రంగం

విత్తనం అనగానే అందరికీ శాస్త్రవేత్తలే గుర్తొస్తారు. అది సహజమే. పొట్టి గోధుమ రకాలతో కోట్లమంది ఆకలి తీర్చినందుకు నార్మన్ బోర్లాగ్‌కు 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మెక్సికోలో ఆయన ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు ప్రాంతాల్లో గోధుమ పండిస్తూ, ఏటా ఒక తరానికి బదులు రెండు తరాలు సాధించాడు. అప్పటి నిపుణుల్లో కొందరు అది కుదరదన్నారు. ఆ పద్ధతి వల్ల సమయం సగానికి తగ్గడమే కాదు, వేర్వేరు వాతావరణాల్లో నిలబడే రకాలు కూడా దొరికాయి. ఇప్పుడు జన్యు గుర్తుల సాయంతో, కృత్రిమ వెలుతురులో తరాలను ఇంకా వేగంగా నడిపిస్తున్నారు. అయినా సంకరణం నుంచి రైతు చేతికి రకం వచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ఈ దారికి పీజీ, చాలాచోట్ల పీహెచ్‌డీ, వాటికి మించి ఓపిక కావాలి.

కానీ ఒక బ్రీడర్ (కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త) వెనక ఉత్పత్తి అధికారులు, క్షేత్ర తనిఖీ చేసేవాళ్లు, ల్యాబ్ సిబ్బంది ఎంతోమంది పనిచేస్తారు. డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లకు తలుపు తెరుచుకునేది అక్కడే. విత్తన పంటకూ పక్క పొలానికీ మధ్య తగినంత దూరం ఉందా, కేళీలను, అంటే మధ్యలో మొలిచిన వేరే రకం మొక్కలను, పూత రాకముందే ఏరేశారా అని చూసే మనిషి కన్ను తప్పితే సీజన్ మొత్తం వృథా అవుతుంది. విత్తన పరీక్షకు అంతర్జాతీయ నియమాలు రాసే ఇస్టా అనే సంస్థ 1924 నుంచి ఉంది. దాని పద్ధతి ప్రకారం మొలక పరీక్షకు 400 గింజలు తీసుకుంటారు. మొలిచిన ప్రతిదాన్నీ లెక్కలో వేయరు. వేరు లేని మొక్క, మొలక విరిగిన మొక్క అసాధారణం కిందికి పోతాయి. సాధారణ మొలకలు మాత్రమే మొలక శాతంలోకి వస్తాయి. త్వరగా తేల్చాలంటే టెట్రజోలియం పరీక్ష చేస్తారు: గింజను ఆ ద్రావణంలో ఉంచితే ప్రాణమున్న కణజాలం ఎర్రగా మారుతుంది, చచ్చిన భాగం తెల్లగా ఉండిపోతుంది. ఏ భాగం ఎర్రబడితే మొలక వస్తుందో, ఏది తెల్లగా ఉంటే రాదో చెప్పడం చదివితే వచ్చే విద్య కాదు, చూసి చూసి అలవడేది.

పంట రకాల గింజలను దాచిపెట్టే జన్యు నిధులు కూడా ఈ రంగంలోవే. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తన ఖజానా గురించి వినే ఉంటారు. సిరియా యుద్ధం వల్ల అలెప్పో దగ్గరున్న తన విత్తన నిధికి దూరమైన ఇకార్డా అనే మెట్ట ప్రాంతాల వ్యవసాయ పరిశోధన సంస్థ, అక్కడ ముందుగా దాచిన నమూనాలను 2015లో వెనక్కి తెప్పించుకుని మళ్లీ పెంచడం మొదలుపెట్టింది. అలా దాచిన గింజలు బతికున్నాయో లేదో ఎప్పటికప్పుడు చూసి, మొలక తగ్గితే తిరిగి పండించి, వివరాలు రాసిపెట్టే ఉద్యోగాలు ఇవి. పేరు బయటికి రాదు. పని మాత్రం నాకు తెలిసిన గొప్ప పనుల్లో ఒకటి.

పురుగులు, తెగుళ్లు

పురుగుల శాస్త్రం చదివితే మందులు అమ్ముకోవడమేనా అని అడిగేవాళ్లకు నేను కర్రపెండలం కథ చెబుతాను. 1970లలో ఆఫ్రికాలో కర్రపెండలం మీద ఒక పిండినల్లి పడింది. కోట్లమందికి రోజువారీ తిండి అది. ఆ పురుగు దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, ఆఫ్రికాలో దానికి సహజ శత్రువులు లేవు. హాన్స్ హెరెన్ నాయకత్వంలోని శాస్త్రవేత్తలు పరాగ్వేలో ఆ పిండినల్లి మీద బతికే చిన్న పరాన్నజీవి కందిరీగను కనుక్కుని, పరీక్షించి, పెంచి, ఆఫ్రికాలో దేశదేశానా వదిలారు. పురుగు అదుపులోకి వచ్చింది. హెరెన్‌కు 1995లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.

ఆ పనిని విడదీసి చూస్తే ఉద్యోగాలు కనిపిస్తాయి. పురుగును సరిగ్గా గుర్తించే వర్గీకరణ నిపుణుడు, మేలు చేసే పురుగులను పెద్ద ఎత్తున పెంచే యూనిట్ నడిపేవాడు, కొత్త జీవిని వదిలితే ప్రమాదం ఉందా అని చూసే క్వారంటైన్ అధికారి, వాటిని చేరవేసే నిర్వాహకుడు. మిత్ర పురుగులు, జీవ శిలీంధ్రాలు తయారుచేసే కంపెనీలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో మొక్కల క్వారంటైన్ కేంద్రాలు ఉంటాయి. గ్రీన్‌హౌస్‌లకు వారం వారం వెళ్లి పసుపు జిగురు అట్టలు చూసి ఏ పురుగు ఎంత ఉందో లెక్కరాసే స్కౌట్ ఉద్యోగం, ఈ రంగంలోకి రావడానికి మంచి గుమ్మం.

నేల, నీరు

ప్రపంచంలో మనుషులు తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతుంది. అందుకే ఏ పైరుకు ఏ రోజు ఎంత నీరు కావాలో లెక్కకట్టగల మనిషికి గిరాకీ ఉంది. లెక్క మరీ కష్టమేమీ కాదు. వాతావరణ వివరాల నుంచి ప్రామాణిక పచ్చిక ఎంత నీరు ఆవిరి చేస్తుందో తేల్చి, పైరు దశను బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఎఫ్‌ఏఓ 1998లో ప్రచురించిన 56వ నంబరు పత్రంలో ఈ పద్ధతంతా ఉంది, ఉచితంగా చదువుకోవచ్చు. డ్రిప్ డిజైన్, నీటి వినియోగదారుల సంఘాలకు సలహా, భూసార పరీక్షా కేంద్రాలు, నేల సర్వే, ఉప్పు నేలల బాగుచేత ఈ కొమ్మకు చెందినవి. సివిల్ ఇంజనీర్లు, కెమిస్ట్రీ చదివినవాళ్లు ఇటు సులువుగా రావచ్చు.

ఉపగ్రహ చిత్రాలు, డేటా

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌డీవీఐ అంటారు. మైనస్ 1 నుంచి ప్లస్ 1 మధ్య ఉంటుంది. పచ్చదనం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఉచితం. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో, అయిదు రోజులకోసారి అదే చోటిని ఫొటో తీస్తాయి. అవీ ఉచితమే. వాటిని చూడటానికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌కు కూడా డబ్బు కట్టక్కర్లేదు. అంటే ఈ దారిలోకి రావడానికి కావాల్సిన పెట్టుబడి ఒక కంప్యూటర్, కొంచెం సమయం.

అయితే ఇక్కడే నా మొదటి మాట గుర్తుపెట్టుకోండి. పచ్చదనం అంకె పడిపోయిందంటే తెగులు కావచ్చు, నీటి ఎద్దడి కావచ్చు, పంట పండి పసుపెక్కి ఉండొచ్చు, నిన్ననే కోసేసి ఉండొచ్చు, పైన పలచటి మబ్బు కూడా కావచ్చు. ఇవన్నీ తెరమీద దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పంట ఏ దశలో ఉందో తెలిసినవాళ్లే తేడా చెప్పగలరు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, పంట తెలిసినవాళ్లూ ఉన్నారు. రెండూ తెలిసినవాళ్లు తక్కువ. మీరు సాఫ్ట్‌వేర్ నుంచి వస్తుంటే ఒక సీజన్ పొలాల్లో తిరగండి. వ్యవసాయ డిగ్రీ చదువుతుంటే పైథాన్ నేర్చుకోండి.

యంత్రాలు

నేలమీది కేంద్రం నుంచి అప్పటికప్పుడు అందే ఆర్‌టీకే సవరణతో పనిచేసే జీపీఎస్ ట్రాక్టర్‌ను రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో గీత గీసినట్టు నడిపిస్తుంది. అలాంటి యంత్రం కోత మధ్యలో ఆగిపోతే బాగుచేయగల మనిషి కోసం అందరూ ఎదురుచూస్తారు. పెద్ద చదువులు అక్కర్లేదు. ఐటీఐ, డిప్లొమా చదివి, హైడ్రాలిక్స్‌తో పాటు ఎలక్ట్రానిక్స్ కూడా నేర్చుకుంటే చాలు. డ్రోన్ పైలట్‌లకూ పని ఉంది. కానీ ఏ దేశంలోనైనా ముందు అక్కడి లైసెన్స్ నిబంధనలు చూసుకోండి. ఎగరేయడం ఒక్కటే వస్తే సరిపోదు. గాలి ఎంత ఉంటే మందు పక్క పొలంలోకి కొట్టుకుపోతుంది, చుక్క సైజు ఎంత ఉండాలి అన్నవి తెలిసినవాళ్లకే పని నిలుస్తుంది.

కోత తర్వాత

నాకు బాగా అన్యాయమనిపించేది ఈ రంగాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం. కోత తర్వాత దుకాణానికి చేరేలోపే ప్రపంచంలో పండిన ఆహారంలో దాదాపు 14 శాతం పోతోందని ఎఫ్‌ఏఓ 2019లో అంచనా వేసింది. నీళ్లు పెట్టి, ఎరువు వేసి, నెలల తరబడి కాపాడిన పంట అది.

ఇక్కడి పని చాలావరకు జీవశాస్త్రమే. కోసిన పండు ఇంకా ఊపిరి తీస్తూనే ఉంటుంది. అరటిని సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే తొక్క నల్లబారి, సరిగా పండదు. అదే యాపిల్‌కు సున్నా దగ్గరి చల్లదనం బాగుంటుంది. యాపిల్ నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు పక్కనున్న ఆకుకూరలను పసుపెక్కిస్తుంది. ఏ సరుకును ఏ సరుకుతో కలిపి ఒకే గదిలో పెట్టకూడదో తెలియని మేనేజర్ చేతిలో ఎంత ఖరీదైన కోల్డ్ స్టోరేజీ అయినా దండగే. సరుకు ఏరి ప్యాక్ చేసే ప్యాక్‌హౌస్ పర్యవేక్షణ, పండు మాగబెట్టే గదులు, ధాన్యం గోదాముల్లో తేమ, పురుగుల నిఘా, ప్యాకేజింగ్ డిజైన్, రవాణా ప్రణాళిక ఇవన్నీ ఇందులోకి వస్తాయి. ఫుడ్ టెక్నాలజీ, మెకానికల్, లాజిస్టిక్స్ ఏది చదివినా ఇక్కడ చోటుంది.

నాణ్యత, ఆడిట్

కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్‌ను ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో ఏర్పాటు చేశాయి. ఆహార ప్రమాణాలకు అంతర్జాతీయ ఆధారం అదే. హసాప్ అనే పద్ధతి 1960లలో అమెరికా వ్యోమగాముల ఆహారం కోసం పుట్టింది. తయారైన సరుకును చివర్లో పరీక్షించే బదులు, ప్రమాదం ఏ దశలో జరగొచ్చో ముందే గుర్తించి అక్కడే కాపలా పెట్టడం దాని సారం. ఏడు సూత్రాలుంటాయి. ఆహార పరిశ్రమలో ఏ ఉద్యోగానికి వెళ్లినా వాటిని అడుగుతారు, కాబట్టి కంఠతా కాకుండా ఒక ఉదాహరణతో నేర్చుకోండి. పొలం స్థాయిలో మంచి సాగు పద్ధతులకిచ్చే గ్లోబల్ గ్యాప్ ధ్రువీకరణ, సేంద్రియ ధ్రువీకరణ లాంటివి ఉన్నాయి. ఆడిటర్‌గా స్థిరపడటానికి ముందు ఆ రంగంలో కొన్నేళ్లు పనిచేసి ఉండాలి. నేరుగా ఆడిటర్ అయిపోతామని చెప్పి కోర్సులు అమ్మేవాళ్లను నమ్మొద్దు.

డబ్బు, బీమా, వ్యాపారం

బ్యాంకుల్లో పంట రుణాలు చూసేవాళ్లు, సరుకు కొనే కంపెనీల్లో ధర అంచనా వేసేవాళ్లు అందరికీ తెలుసు. బీమా గురించి ఒక మాట. వాతావరణ సూచిక బీమాలో నష్టాన్ని పొలానికి వెళ్లి కొలవరు. దగ్గరి వాతావరణ కేంద్రంలో వాన ఫలానా అంకె కంటే తగ్గితే డబ్బు చెల్లిస్తారు. ఖర్చు తక్కువ, చెల్లింపు త్వరగా అవుతుంది. చిక్కేమిటంటే కేంద్రం దగ్గర వాన పడి, కొన్ని కిలోమీటర్ల దూరంలోని పొలంలో పడకపోతే రైతుకు రూపాయి రాదు. ఆ తేడాను తగ్గించేలా పథకం రాయడం గణితం, పంట రెండూ తెలిసినవాళ్ల పని. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదివేవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించాలి. దీన్ని బాగా చేసే ఒక్క మనిషి వల్ల వేల కుటుంబాలు నిలబడతాయి.

రైతుకు సలహా, శిక్షణ

ఈ పనిలో రెండు రకాలవాళ్లుంటారు. ఒకరి జీతం అమ్మిన మందుల మీద ఆధారపడి ఉంటుంది, ఇంకొకరిది ఉండదు. ఇద్దరూ రైతుకు ఒకే మాట చెప్పాల్సిన రోజులు ఉంటాయి, చెప్పలేని రోజులూ ఉంటాయి. 'ఈసారి ఏ మందూ అక్కర్లేదు' అనేది రైతుకు ఎంతో విలువైన సలహా. మీ ఉద్యోగం ఆ మాట చెప్పనిస్తుందా అన్నది చేరకముందే తేల్చుకోండి. మొక్కల క్లినిక్‌లు, వీడియో ద్వారా శిక్షణ, ఫోన్ సలహా కేంద్రాలు, రైతు సంఘాల నిర్వహణ ఈ దారిలో ఉన్నాయి. వ్యవసాయ జర్నలిజం, పంట రకాల హక్కుల చట్టం, నేలలో కర్బనాన్ని కొలిచి ధ్రువీకరించే పని కూడా వీటి పక్కనే ఉన్నాయి. ఇవి చిన్న రంగాలే, కానీ అడుగుపెట్టినవాళ్లకు పోటీ తక్కువ.

పశువైద్యం గురించి ఒక్క విషయం చెప్పి ముందుకు వెళతాను: పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) ప్రపంచం నుంచి తుడిచిపెట్టుకుపోయిందని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో జబ్బు అది. టీకా ఎండలో పాడవకుండా మారుమూలలకు చేర్చినవాళ్లు, జబ్బు ఆనవాళ్లు వెతుక్కుంటూ తిరిగినవాళ్లు లేకపోతే అది జరిగేది కాదు.

నాలుగో అడుగు: చదువును దారికి తగ్గట్టు ఎంచుకోండి

దారి తెలియకుండా డిగ్రీలో చేరి, ఆఖరి ఏడాది ఉద్యోగం వెతకడం మొదలుపెట్టడం వల్లే చాలామందికి టెన్షన్. పరిశోధన కావాలంటే వ్యవసాయ డిగ్రీ, ఆపై పీజీ తప్పవు. ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ ఇర్రి, మెక్సికోలోని మొక్కజొన్న, గోధుమ కేంద్రం సిమిట్, భారత్‌లోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లాంటి అంతర్జాతీయ సంస్థల వెబ్‌సైట్లలో ఇంటర్న్‌షిప్‌లు, పీజీ విద్యార్థుల థీసిస్ అవకాశాలు ప్రకటిస్తుంటారు, చూస్తూ ఉండండి. సర్వీస్ టెక్నీషియన్, ల్యాబ్ అసిస్టెంట్, ప్యాక్‌హౌస్ సూపర్‌వైజర్ లాంటి పనులకు డిప్లొమా చాలు.

వేరే డిగ్రీ చదివేశారా? మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. మీ చదువును అలాగే ఉంచుకుని దానికి పంటను జోడించండి. కామర్స్ చదివినవాళ్లకు సరుకు వ్యాపారం, కెమిస్ట్రీవాళ్లకు పంటలో మిగిలే పురుగుమందుల అవశేషాల పరీక్ష, మాస్ కమ్యూనికేషన్‌వాళ్లకు రైతు శిక్షణ వీడియోలు దగ్గరి దారులు. ఎఫ్‌ఏఓ ఈ-లెర్నింగ్ అకాడమీలో కోర్సులు ఉచితం. అయితే సర్టిఫికెట్లు పోగేయడం పనిగా పెట్టుకోకండి. మీ దారికి సరిపోయినవి రెండు మూడు చాలు. తర్వాతి అడుగుకు అంతకంటే ఎక్కువ విలువ ఉంది.

అయిదో అడుగు: ఒక సీజన్ పనిచేసి చూపించండి

డిగ్రీ అందరికీ ఉంటుంది. నేను ఈ పని చేశాను, ఇదిగో నోట్‌బుక్ అని చూపించగలిగేవాళ్లు కొద్దిమందే. మీ దారికి తగిన చిన్న ప్రాజెక్ట్ ఒకటి ఎంచుకుని, ఒక పంట కాలం మొత్తం వదలకుండా చేయండి.

విత్తన రంగం మీద మనసుంటే ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఒకే పంటకు చెందిన మూడు వేర్వేరు సంచుల నుంచి విత్తనం తీసుకోండి. ప్రతిదాంట్లోంచి ఏరకుండా, పెద్దవీ చిన్నవీ అని చూడకుండా 100 గింజలు లెక్కపెట్టండి. తడిపి పిండిన మందపాటి పేపర్ టవల్ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన ఇంకో టవల్ కప్పి, చాపలా చుట్టి, తడి ఆరకుండా పాలిథిన్ సంచిలో నిలబెట్టండి. మొక్కజొన్న అయితే నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు చివరిసారి లెక్కిస్తారు. వరికి చివరి లెక్క 14వ రోజు, వేరుశనగకు పదో రోజు. సాధారణ మొలకలు, అసాధారణ మొలకలు, చచ్చిన గింజలు విడివిడిగా రాయండి. ప్రతి దశలో ఫొటో తీయండి. అదే విత్తనాన్ని మట్టిలో కూడా వేసి, రెండు లెక్కల్లో తేడా ఎంతుందో, ఎందుకుందో మీ మాటల్లో రెండు పేజీలు రాయండి. ఈ రెండు పేజీలు పట్టుకుని విత్తన ల్యాబ్‌కు వెళితే మీతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

డేటా దారి అయితే మీకు అందుబాటులో ఉన్న ఒక పొలాన్ని ఎంచుకుని, సెంటినెల్-2 చిత్రాలతో సీజన్ పొడవునా ఎన్‌డీవీఐ గ్రాఫ్ గీయండి. రెండు వారాలకోసారి పొలానికి వెళ్లి పైరు ఎత్తు, దశ, ఏం చేశారు అన్నది రాసుకోండి. గ్రాఫ్‌లో ప్రతి ఎత్తుపల్లానికీ పొలంలో ఏం జరిగిందో పక్కన రాయగలిగితే, అంతకంటే మంచి పోర్ట్‌ఫోలియో ఉండదు.

నేల దారి అయితే నమూనా తీయడం దగ్గరే మొదలుపెట్టండి. పొలంలో వంకరటింకరగా నడుస్తూ 15, 20 చోట్ల పై పొర నుంచి మట్టి తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట తీయకూడదు. జింకు లాంటి సూక్ష్మపోషకాల కోసం అయితే జింకు పూత ఉన్న బకెట్, పార వాడొద్దు, ఫలితం తప్పొస్తుంది. ఒకే పొలం నుంచి రెండు నమూనాలు వేర్వేరుగా తీసి పరీక్షకు పంపి, ఫలితాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. నమూనా ఎంత ముఖ్యమో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

వీటిలో ఏది చేసినా తేదీలు ఆ రోజుకారోజు రాయండి, గుర్తుంటుందిలే అనుకోకండి. ఫలితం అనుకున్నట్టు రాకపోతే దాన్ని దాచొద్దు. బాగా రాని ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు రాసిన నోట్‌బుక్‌ను అనుభవజ్ఞులు ఎక్కువ నమ్ముతారు.

ఆరో అడుగు: వెతకాల్సిన చోట వెతకండి

వ్యవసాయ ఉద్యోగం అని వెతికితే దొరికేవి తక్కువ. అసలు హోదాల పేర్లతో వెతకండి: సీడ్ ప్రొడక్షన్ ఆఫీసర్, క్వాలిటీ అస్యూరెన్స్ ఎగ్జిక్యూటివ్, క్రాప్ స్కౌట్, రెసిడ్యూ అనలిస్ట్, జీఐఎస్ అనలిస్ట్, ఇరిగేషన్ డిజైన్ ఇంజనీర్, ప్రొక్యూర్‌మెంట్ ఆఫీసర్, కోల్డ్ చైన్ సూపర్‌వైజర్. మొదటి అడుగులో గీసిన కాగితం తీసి, జీతం ఇచ్చేవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్లండి.

ఆ పని చేస్తున్నవాళ్లతో మాట్లాడటం దరఖాస్తు కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఉద్యోగం ఇప్పించమని మొదలుపెట్టకండి. మీ ప్రాజెక్ట్‌లో నిజంగా తట్టిన ఒక ప్రశ్న అడగండి. 'సార్, మట్టిలో మొలక శాతం పేపర్‌లో కంటే బాగా తక్కువొచ్చింది, లోతు వల్లా, బూజు వల్లా ఎలా తేల్చుకోవాలి?' అని అడిగిన కుర్రాడిని ఏ ల్యాబ్ మనిషీ మర్చిపోడు. రెజ్యూమెలో వ్యవసాయం మీద ఆసక్తి అని రాసే చోట పంట పేరు, ప్రాజెక్ట్ పేరు, ఏం కొలిచారో రాయండి.

ఇంటర్వ్యూలో తెలియని పురుగు ఫొటో చూపించి ఇదేమిటని అడగొచ్చు. తోచిన పేరు చెప్పేయకండి. ఏ భాగం తింటోంది, ఆకు పైనా కిందా, ఒక మొక్కకా పొలమంతా ఉందా, ఇంకా ఏం చూస్తే తేలుతుంది అని వరుసగా చెప్పండి. వాళ్లు చూసేది మీరు ఆలోచించే పద్ధతిని.

ఏడో అడుగు: ఆఫర్ వచ్చాక సంతకానికి ముందు

ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. జీతంలో ఎంత భాగం అమ్మకాల టార్గెట్‌కు కట్టి ఉంది? హోదా పేరు అగ్రానమిస్ట్ (పంట సాగు నిపుణుడు) అని ఉండి పని మొత్తం అమ్మకాలే కావొచ్చు. అమ్మకం తప్పు పని కాదు, కానీ అది అమ్మకమని తెలిసే చేరాలి. తిరగాల్సిన ప్రాంతం ఎంత, వాహనం ఖర్చు ఎవరిది? కాంట్రాక్ట్ ఒక సీజన్‌కా, ఏడాదికా? పురుగుమందులతో పని ఉంటే రక్షణ దుస్తులు, గ్లౌజులు, మాస్కు ఇస్తారా, శిక్షణ ఎవరిస్తారు? రాతలో ఇవ్వమని అడగండి. ఆడపిల్లలు ఫీల్డ్ ఉద్యోగానికి వెళ్తుంటే బస, ప్రయాణం, మరుగుదొడ్డి ఏర్పాట్ల గురించి నేరుగా అడగాలి. ఇవి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే చోట చేరకపోవడమే మంచిది.

ఇంకొకటి అడగండి: మొదటి ఏడాది నేను ఎవరి దగ్గర నేర్చుకుంటాను? జీతం కాస్త తక్కువైనా, మంచి పనిమంతుడైన సీనియర్ పక్కన రెండు సీజన్లు పనిచేసే అవకాశం ఉంటే అదే తీసుకోండి. పెద్ద పేరున్న చోట ఒక్కరే కూర్చుని రిపోర్టులు నింపే పని అయితే ఆలోచించుకోండి. చేరిన రోజు నుంచే మీ సొంత నోట్‌బుక్‌లో తేదీ, చోటు, పైరు దశ, చూసింది, చెప్పిన సలహా, తర్వాత ఏం జరిగిందన్నది రాస్తూ ఉండండి. కంపెనీ రహస్యాలు అందులో రాయొద్దు, మీ గమనికలే రాయండి. రెండో ఉద్యోగానికి వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టాల్సింది ఆ నోట్‌బుక్కే.